తెల్లబట్టకు క్యాప్సూల్ కన్నా ముందు పరీక్ష కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో ఇటీవల ప్రోబయాటిక్స్ మీద, అంటే మేలు చేసే సజీవ బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూళ్లు, ఆహారాల మీద వచ్చిన వ్యాసం చదివాను. స్త్రీల జననాంగ ఆరోగ్యం గురించి ఒక తెలుగు దినపత్రిక అర పేజీ కేటాయించడం మెచ్చుకోదగిన విషయం. మా తరంలో తల్లీకూతుళ్లు కూడా ఈ సంగతులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అయితే రోజుకో క్యాప్సూల్ మింగి, కప్పు పెరుగు తింటే తెల్లబట్ట, దురద, వాసన అన్నీ సర్దుకుంటాయన్న అర్థం వచ్చేలా ఆ వ్యాసాన్ని ముగించారు. వరంగల్, ములుగు ప్రాంతాల్లోని ప్రభుత్వ దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన దానిగా ఆ ముగింపుతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ప్రోబయాటిక్స్‌కు నేను వ్యతిరేకిని కాను, నా అభ్యంతరమంతా వరుస గురించే. జబ్బేమిటో తేల్చే పరీక్ష ముందు జరగాలి, ఒంట్లో ఉన్న మంచి బ్యాక్టీరియాను తరిమేసే అలవాట్లు దానితోపాటు మానాలి, క్యాప్సూల్ అవసరమైతే ఆ తర్వాత రావాలి. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది.

యోనిలో సహజంగా నివసించే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను జర్మనీకి చెందిన గైనకాలజిస్టు ఆల్బర్ట్ డోడర్లైన్ 1892లోనే వర్ణించారు. ఆడపిల్ల యుక్తవయసుకు రాగానే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావంతో యోని గోడలోని కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం పేరుకుంటుంది. అది విడిపోగా వచ్చే చక్కెరలను ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందువల్ల అక్కడి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, ఆ పులుపులో హాని చేసే సూక్ష్మజీవులు అంత సులువుగా తలెత్తవు. ఈ జాతిలో క్రిస్పాటస్, గ్యాసెరి, జెన్సెనియై, ఇనర్స్ అనే నాలుగు రకాలు ముఖ్యమైనవి. వాటిలో క్రిస్పాటస్ ఎక్కువగా ఉన్న స్త్రీలకు రక్షణ మెరుగ్గా ఉంటుందని, ఇనర్స్ మాత్రమే ఉన్నవారిలో ఆ సమతుల్యం త్వరగా చెదురుతుందని పరిశోధకులు గమనించారు. అంటే మన అమ్మాయిలు దుకాణంలో కొనాలనుకుంటున్నది చాలామందికి పుట్టుకతో వచ్చిన ఏర్పాటులో భాగంగా ఉచితంగానే అందుతోంది.

కొంత తెల్లబట్ట కావడం కూడా ఆ ఏర్పాటులో భాగమే. నెలసరికి నెలసరికి మధ్య, అండం విడుదలయ్యే రోజుల్లో అది పలుచగా, గుడ్డు తెల్లసొనలా జారుతుంది. తర్వాత చిక్కబడుతుంది, గర్భిణులలో పెరుగుతుంది. దురద, మంట, దుర్వాసన, రంగు మార్పు లేనంతవరకు దానికి మందు అక్కర్లేదు. కానీ మన పల్లెల్లో తెల్లబట్ట అయితే బొక్కలు, అంటే ఎముకలు, కరిగి బయటికి పోతున్నాయనే భయం బలంగా ఉంది. నడుము నొప్పికి, నీరసానికి, కళ్లు తిరగడానికి అన్నింటికీ అదే కారణమని నమ్ముతారు. ఆ నీరసానికి రక్తహీనతో, సరిపడా తిండి లేకపోవడమో, మోయలేనంత చాకిరో కారణం కావచ్చునని చెబితే నమ్మేవారు తక్కువ. ఆ భయమే మెడికల్ షాపులకు, ఆర్‌ఎంపీలకు పెట్టుబడిగా మారింది.

జబ్బు ఉన్నప్పుడు కూడా అది ఒక్కటే రకం కాదు. పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా పడి, విపరీతమైన దురద ఉంటే చాలావరకు క్యాండిడా అనే ఫంగస్ పని. బూడిద రంగులో పలుచగా అవుతూ, ముఖ్యంగా కలయిక తర్వాత చేపల వాసన వస్తే బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. అందులో లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి గార్డ్‌నరెల్లా వంటి వేరే బ్యాక్టీరియా పెరుగుతాయి, పీహెచ్ 4.5 దాటుతుంది. ఆకుపచ్చగా నురుగుతో అయితే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి. అది కలయిక ద్వారా అంటుకుంటుంది కాబట్టి భర్తకు కూడా మందు ఇవ్వకపోతే భార్యకు మళ్లీ వస్తుంది. మొదటిదానికి క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందులు, తర్వాతి రెండింటికీ మెట్రోనిడజోల్ వంటి మందులు వాడతారు. ఫంగస్ మందు తర్వాతి రెండింటికీ, వాటి మందు ఫంగస్‌కూ పనికిరాదు. కంటితో చూసి కూడా ఒక్కోసారి పొరబడతాం కనుకనే పీహెచ్ కాగితం, సూక్ష్మదర్శిని కింద ఒక స్లైడ్ అవసరమవుతాయి. ఆ స్లైడ్‌కు కొన్ని నిమిషాల కన్నా ఎక్కువ పట్టదు.

ఇక ప్రోబయాటిక్స్ గురించి. వాటి మీద నిజంగా జరిగిన మంచి పరిశోధనను మీ వ్యాసం ప్రస్తావించి ఉంటే బాగుండేది. 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉన్న 228 మంది స్త్రీలకు ముందుగా మెట్రోనిడజోల్ జెల్‌తో చికిత్స చేసి, ఆపైన కొందరికి లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ పొడిని, మిగిలినవారికి బ్యాక్టీరియా లేని పొడిని యోనిలో ఉంచుకోవడానికి ఇచ్చారు. 12 వారాలకు మొదటి వర్గంలో 30 శాతం మందికి, రెండో వర్గంలో 45 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే అక్కడ ముందు రోగనిర్ధారణ, ఆ తర్వాత యాంటీబయాటిక్ చికిత్స జరిగాయి. ఆ తర్వాత కూడా ఫలానా రకం బ్యాక్టీరియాను ఫలానా చోటనే పెట్టారు. మన దుకాణాల్లో దొరికే నోటి క్యాప్సూళ్లలో చాలావరకు ఆ రకం ఉండదు. 2004లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలోనైతే, యాంటీబయాటిక్స్ వాడుతున్న స్త్రీలకు ఫంగస్ రాకుండా లాక్టోబాసిల్లస్‌ను నోటి ద్వారానూ, యోని ద్వారానూ ఇచ్చి చూసినా ప్రయోజనం కనిపించలేదు. జబ్బును మందుతో తగ్గించకుండా క్యాప్సూల్ మింగడం కడగని గిన్నెలో పాలు పోసి తోడు వేయడం లాంటిది.

మళ్లీ మళ్లీ తిరగబెట్టే కేసుల్లో మనం భర్త వైపు చూడకపోవడం మరో లోపం. 2025లో ఆస్ట్రేలియా నుంచే వచ్చిన మరో అధ్యయనంలో, బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉన్న స్త్రీతోపాటు ఆమె భాగస్వామికి కూడా మాత్రలు, పైపూత మందు ఇచ్చినప్పుడు 12 వారాల్లో 35 శాతం మందికే జబ్బు తిరిగివచ్చింది. స్త్రీకి మాత్రమే చికిత్స చేసినప్పుడు అది 63 శాతంగా ఉంది. ఏళ్ల తరబడి క్యాప్సూళ్లకు డబ్బు పోసే ఇంట్లో భర్తను ఒకసారి డాక్టర్ దగ్గరికి రమ్మనడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవారికి తెలియనిది కాదు. అయినా ఆ మాట పత్రికలో అచ్చయితే ఆమెకు అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పెరుగు విషయంలో నాకు మీ వ్యాసంతో సగం ఏకీభావమే ఉంది. సల్ల పోసుకున్న జొన్న గటక, పులిసిన అంబలి, ఇంట్లో తోడేసిన పెరుగు మన ఆహారంలో ఎప్పటినుంచో ఉన్నాయి. అవి జీర్ణానికి మంచివి, క్యాల్షియం, మాంసకృత్తులు ఇస్తాయి, కూలికి వెళ్లే మనిషికి చలువ చేస్తాయి. వాటిని మానమని ఎవరూ చెప్పరు. కానీ పెరుగును పులియబెట్టే బ్యాక్టీరియా వేరు, యోనిలో కాపురముండే బ్యాక్టీరియా వేరు. పెరుగు తిన్నంత మాత్రాన ఒకటి వెళ్లి మరొకదాని చోట కూర్చోదు. పెరుగును లోపల పూసుకోమనే సలహాలు కూడా ఫోన్లలో తిరుగుతున్నాయి, దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. పులిసిందేదైనా మంచిదేనన్న లెక్కన కల్లును సైతం సమర్థించుకునేవారు మన ఊళ్లలో లేకపోలేదు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో కల్లు ముట్టవద్దని డాక్టర్లు చెబుతారన్న సంగతి వారికి ఎవరైనా చెప్పాలి.

కొనేవారు ఆ డబ్బా మీది అక్షరాలు కూడా చదవాలి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆహార పదార్థంగా అమ్మే ప్రోబయాటిక్‌లో రోజువారీ మోతాదుకు కనీసం 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా ఉండాలి. అలాంటి వాటి మీద ఔషధ వినియోగానికి కాదన్న హెచ్చరిక కూడా ముద్రించాలి. ఆ హెచ్చరికను చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో వేసి, నోటిమాటగా మాత్రం తెల్లబట్టకు మందని అమ్ముతున్నారు. ఏ రకం బ్యాక్టీరియా ఉందో జాతి పేరుతో సహా రాయని డబ్బాను, చల్లగా ఉంచాలని రాసి ఉన్నా ఎండ తగిలే అరలో పెట్టిన డబ్బాను కొనకపోవడమే మేలు. పత్తి ఏరి కూలి తెచ్చుకునే మనిషి ఒక రోజు కూలి మొత్తం పది మాత్రల పట్టీ మీద పెట్టేటప్పుడు ఆమెకు ఈ మాత్రం సమాచారం అందాలి.

నేను పనిచేసిన ఒక ఆరోగ్య కేంద్రానికి నలభై దాటిన ఒక మిర్చి కూలీ వచ్చింది. నెలల తరబడి దురద, గీరుకుని గీరుకుని తొడల దాకా చర్మం నల్లబడి, ఎర్రటి పగుళ్లు తేలింది. కొంగు ముడి విప్పి ఆమె బల్ల మీద పెట్టినవి ఒక పైపూత మందు ట్యూబు, సగం వాడిన క్యాప్సూళ్ల పట్టీ, కాగితంలో చుట్టిన పటిక ముక్క. ట్యూబులో ఫంగస్ మందుతోపాటు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంది. అది పూయగానే దురద తగ్గినట్టుంటుంది, ఫంగస్ మాత్రం ఇంకా ముదురుతుంది. వేలి కొసన సూది గుచ్చి చూస్తే షుగర్ మూడు వందలు దాటింది. ఆమెకు మధుమేహం ఉందని అప్పటిదాకా ఆమెకే తెలియదు. షుగర్ అదుపులోకి వచ్చి, సరైన ఫంగస్ మందు వాడాక దురద పోయింది. మళ్లీ మళ్లీ వచ్చే దురద మధుమేహానికి తొలి సూచన కావచ్చునన్న ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉండి ఉంటే అలాంటి వారు కొందరైనా గ్లూకోమీటర్ దగ్గరికి చేరేవారు. మూత్రంలోకి చక్కెరను పంపించి షుగర్ తగ్గించే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో కూడా ఈ ఫంగస్ ఎక్కువగా వస్తుంది. అలాంటప్పుడు మాత్రను సొంతంగా ఆపేయకుండా రాసిన డాక్టర్‌కు చెప్పాలి. ఇక స్టెరాయిడ్ పైపూతలను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ నిబంధన ఏ మేరకు అమలవుతోందో ఔషధ తనిఖీ అధికారులే చెప్పాలి.

పటిక ముక్క ఆమె ఒక్కతే వాడే వస్తువు కాదు. పటిక నీళ్లు, ఉప్పు నీళ్లు, వేపాకు కషాయం, ఘాటైన సబ్బు, ఇప్పుడు కొత్తగా సువాసన వచ్చే వాష్‌లు, ఇవన్నీ శుభ్రత పేరుతో లోపలికి పోతున్నాయి. లోపలి భాగం తనను తాను శుభ్రపరుచుకుంటుంది. నీళ్లు చిమ్మి కడిగితే పోయేది మురికి కాదు, ఆ లాక్టోబాసిల్లసే. లోపల కడుక్కునే అలవాటున్న స్త్రీలలో బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఎక్కువని పదే పదే తేలింది. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటే చాలు. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం, కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం, గాలి ఆడే నూలు లోదుస్తులు వేసుకోవడం, నెలసరిలో ప్యాడ్‌ను నాలుగైదు గంటలకు ఒకసారి మార్చడం, రాత్రి బిగుతైన బట్టలు విప్పేయడం, ఇవి ఖర్చు లేని పనులు. లోదుస్తుల్ని, ముట్టు గుడ్డల్ని ఎవరూ చూడకూడదని చీర కింద దాచి నీడలో ఆరేయడం మాత్రం మానుకోవాలి, వాటికి ఎండ తగలాలి. మిర్చి ఏరే కాలంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఏరిన చేతులతోనే మూత్రానికి వెళ్లి, ఆ మంటను జబ్బనుకుని వచ్చినవారు ఉన్నారు. వెళ్లే ముందే సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

అలవాట్లు మార్చుకోమని చెప్పడం మాకు సులువే, కానీ వాటికి నీళ్లూ, చాటూ కావాలి. నాట్ల కాలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి ఉండే ఆడవాళ్లు, పత్తి చేలల్లో తిరిగే ఆడవాళ్లు మూత్రానికి వెళ్లే చోటు లేక నీళ్లే తాగరు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవారు లెక్క పూర్తి కాదన్న భయంతో గంటల తరబడి కూర్చున్న చోటు నుంచి లేవరు. తలుపు గడియ పడని మరుగుదొడ్డి ఉన్న బడిలో చదివే ఆడపిల్ల ఇంటికి వచ్చేదాకా ప్యాడ్ మార్చుకోదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, ఒరుసుకుపోయి దురదలు ఇక్కడినుంచే మొదలవుతాయి. మేడారం జాతరలో జంపన్న వాగులో మునిగి తడి బట్టలతోనే గద్దెల దాకా నడిచే లక్షలాది ఆడవారికి బట్టలు మార్చుకునే గదులు ఇంకా పెంచాలన్నది కూడా నా దృష్టిలో ఆరోగ్య విషయమే.

అన్నిటికన్నా నన్ను బాధించేది గర్భసంచి ఆపరేషన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, తెలంగాణలో సుమారు 8 శాతం ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొంచెం ఎక్కువ. వీరిలో అధిక రక్తస్రావంతో, గడ్డలతో నిజంగా అవసరమై చేయించుకున్నవారు ఉన్నారు. కానీ తెల్లబట్ట ఆగడం లేదని, ఉంచితే క్యాన్సర్ అవుతుందని ఎవరో భయపెడితే ముప్పై అయిదేళ్లకే చేయించుకున్న వారిని నేను చూశాను. తెల్లబట్టకు కారణమైన ఇన్‌ఫెక్షన్ యోనిలో ఉంటుంది, గర్భసంచి తీసినంత మాత్రాన అది పోదు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు లాక్టోబాసిల్లస్‌కు ఆహారమే కరవవుతుంది, ఎముకలు కూడా త్వరగా బలహీనపడతాయి. తెల్లబట్టతో బొక్కలు కరుగుతాయని భయపడి ఆపరేషన్‌కు వెళ్లిన స్త్రీకి ఆ ఆపరేషన్ తర్వాతే ఎముకలు నిజంగా గుల్లబారుతున్నాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జిల్లాల్లో ఎన్ని ఆసుపత్రులు ఆ మార్గదర్శకాలను పాటిస్తున్నాయో మీ విలేకరులు ఆరా తీస్తే ప్రజలకు ఎంతో మేలు చేసినవారవుతారు.

నెలసరి ఆగిన పెద్దవారి గురించి మీ వ్యాసం ఒక్క మాటా అనలేదు. వారిలో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొడిబారుతుంది, మంట పుడుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు తరచుగా వస్తాయి. డాక్టర్ సలహా మీద వాడే ఈస్ట్రోజెన్ క్రీమ్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది, ప్రోబయాటిక్ మాత్ర ఆ లోటు తీర్చలేదు. నెలసరి ఆగిన తర్వాత రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం కారినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, గర్భిణికి దుర్వాసనతో తెల్లబట్ట అయినా ఇంటి చిట్కాలతో ఒక్క రోజు కూడా గడపకూడదు.

ఇందుకు ఎక్కడికి వెళ్లాలన్నది కూడా పాఠకులకు చెప్పాలి. పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో జననాంగ ఇన్‌ఫెక్షన్లను చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. తెల్లబట్ట జబ్బులకు అక్కడ సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలున్న ఆకుపచ్చ కిట్‌ను ఉచితంగా ఇస్తారు. గర్భం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఫ్లూకోనజోల్ మాత్రను వారికి ఇవ్వరు. 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభమైన ఆరోగ్య మహిళ కార్యక్రమం ప్రతి మంగళవారం ఆడవారికి ప్రత్యేకంగా పరీక్షలు చేయాలన్న మంచి ఉద్దేశంతో మొదలైంది. ఆ రోజున ప్రతి కేంద్రంలో ఒక మహిళా వైద్యురాలు, పరీక్ష బల్లకు అడ్డంగా ఒక తెర, లోపలి భాగాన్ని చూడటానికి వాడే శుభ్రమైన స్పెక్యులం పరికరం, పీహెచ్ కాగితం, గ్లూకోమీటర్ తప్పనిసరిగా ఉండేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి. ఇవి పెద్ద ఖర్చులేమీ కావు. తెర లేదన్న కారణంతో పరీక్ష వద్దని వెళ్లిపోయే ఆడవారు ఉన్నారని అధికారులు గుర్తించాలి.

మీ పత్రికకు నా విన్నపం రెండు విషయాలకే పరిమితం. మహిళల పేజీలో వచ్చే ఆరోగ్య వ్యాసాలను ప్రచురించే ముందు ఒక ప్రభుత్వ గైనకాలజిస్టుకు చూపించండి, డబ్బు తీసుకుని వేసే కంపెనీల రాతలైతే పైన ప్రకటన అని స్పష్టంగా వేయండి. అలాగే ప్రతి సోమవారం జిల్లా పేజీలో, మరుసటి రోజు ఏ ఏ కేంద్రాల్లో మహిళలకు పరీక్షలు ఉన్నాయో, ఎన్ని గంటలకు డాక్టరమ్మ వస్తారో రెండు అంగుళాల చోటులో ఇవ్వండి. చదవడం రాని అత్తకు కోడలు చదివి వినిపిస్తుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
హన్మకొండ